పసిపిల్లలున్న ఇంట కుటుంబ ప్రార్థన



గృహ దర్శనాలకు వెళ్లినప్పుడు చిన్నపిల్లలున్న తల్లులు మమ్మల్ని ఎక్కువగా అడిగేది ఒకటే. "అయ్యగారండీ, కుటుంబ ప్రార్థన పెట్టుకోవాలని ఉందండి. పిల్లలతో కుదరట్లేదండి." కుదరకపోవడమంటే ఏమిటో మాకు విడమరచి చెప్పనక్కరలేదు. మా ఇంట్లోనూ ముగ్గురు పిల్లలున్నారు. తొమ్మిదేళ్ల బాబు, ఆరేళ్ల పాప, మూడేళ్ల చిన్నవాడు. పాట ఎత్తుకోగానే ఒకరికి దాహం వేస్తుంది. వాక్యం తెరవగానే ఇంకొకరికి స్కూలులో జరిగిన తగాదా గుర్తొస్తుంది. కళ్లు మూసుకోమంటే వేళ్ల సందుల్లోంచి చూస్తారు. దోమలు సరే, కరెంటు సంగతి సరే, పొయ్యి మీద పప్పు సరిగ్గా అప్పుడే పొంగుతుంది. ఇక్కడ మేము అంటే మేం భార్యాభర్తలిద్దరం. ఇంటి ప్రార్థన ఒక్కరి పని కాదు గనుక ఒక్కరి మాటగా రాయడం లేదు.

ముందుగా వాక్యంలో చూద్దాం. ద్వితీయోపదేశకాండము ఆరవ అధ్యాయంలో మోషే ఇశ్రాయేలీయులకు దేవుని మాటలను పిల్లలకు నేర్పమని చెప్పాడు. ఎక్కడ నేర్పమన్నాడో గమనించండి. ఇంట్లో కూర్చున్నప్పుడు, దారిలో నడుస్తున్నప్పుడు, పడుకునేటప్పుడు, లేచేటప్పుడు. ఆ జాబితాలో ప్రత్యక్ష గుడారం పేరు లేదు, యాజకుని పేరూ లేదు. ఉన్నవి చాప, దారి, పడక, పొద్దు. నిర్గమకాండము పన్నెండవ అధ్యాయంలో పస్కా ఆచరణను నియమించినప్పుడు కూడా, ఇదంతా ఎందుకని పిల్లలు అడిగితే ఏమి చెప్పాలో దేవుడు ముందే తల్లిదండ్రులకు నేర్పించాడు. పిల్లవాడి ప్రశ్నకు ఆరాధనలోనే చోటుంచిన దేవుడు మన దేవుడు. మధ్యలో ప్రశ్న అడిగిన పిల్లవాడిని "ష్, ప్రార్థనలో మాట్లాడకూడదు" అని కసురుకునే ముందు ఈ సంగతి మనం జ్ఞాపకం చేసుకోవాలి.

మన ప్రొటెస్టెంటు పెద్దలు కూడా ఇదే మార్గంలో నడిచారు. 1529లో మార్టిన్ లూథరు తన చిన్న ప్రశ్నోత్తరిని సిద్ధం చేసినప్పుడు, పది ఆజ్ఞలను, విశ్వాస ప్రమాణాన్ని, ప్రభువు ప్రార్థనను ఇంటి యజమాని తన ఇంటివారికి సులువుగా ఎలా నేర్పాలో చూపించాడు. పొద్దున లేవగానే చేసే ప్రార్థన, రాత్రి పడుకోబోయే ముందు ప్రార్థన, భోజనం దగ్గర ప్రార్థన, అన్నీ అందులో ఉన్నాయి. అంతకు కొద్దికాలం ముందు ఆయన సాక్సనీ ప్రాంతంలోని సంఘాలను దర్శించి, సామాన్య జనానికి వాక్యపు మొదటి పాఠాలైనా తెలియకపోవడం చూసి దుఃఖపడ్డాడు. దానికి ఆయన చూపిన మందు, ఇంటి భోజనపు బల్ల దగ్గర పట్టేంత చిన్న పుస్తకం.

మన గోదావరి డెల్టాకు సువార్త వచ్చిన దారి చూసినా కుటుంబాలే కనబడతాయి. 1836లో ఇంగ్లండు దేశపు బార్న్‌స్టేపుల్ పట్టణం నుండి విలియం బౌడెన్, జార్జి బీర్ అనే ఇద్దరు బ్రదరన్ సేవకులు తమ భార్యలతో కలిసి ఈ దేశం వచ్చి, తరువాత నర్సాపురం కేంద్రంగా పనిచేశారు. నర్సాపురం రేవులో పంటు ఎక్కి వశిష్ఠ దాటితే సఖినేటిపల్లి, అంటే మన కోనసీమ గడ్డే. చదువు రాని మన ముత్తవ్వలు వాక్యాన్ని పాటల్లో దాచుకున్నారు. పురుషోత్తమ చౌదరిగారి వంటి భక్తులు మన రాగాల్లో కీర్తనలు కట్టినందువల్ల అక్షరం రానివారి నోటికి కూడా సువార్త వచ్చింది. నాట్లు వేస్తూ పాడారు, బిడ్డను ఊపుతూ పాడారు. ఉయ్యాలలోని బిడ్డకు అర్థమయిందా అని వారు ఆగి అడగలేదు.

అర్థం కానప్పుడు చెప్పి ఏం ప్రయోజనం అని కొందరు తండ్రులు మమ్మల్ని అడుగుతారు. "పెద్దయ్యాక వాళ్లే తెలుసుకుంటారు లెండి" అంటారు. దీనికి మా జవాబు ఒక రాత్రిలో ఉంది. మేమిద్దరం కోనసీమ పిల్లలమే. ఒకరం రాజోలు వైపు, ఒకరం అమలాపురం దగ్గర పుట్టాం. 1996 నవంబరు 6 రాత్రి తుఫాను ఇద్దరమూ చూశాం. ఆ గాలికి కొబ్బరిచెట్లు విరిగిపడే చప్పుడు విన్నవారు ఇప్పటికీ మరచిపోరు. రాజోలు వైపు ఇంట్లో పెంకులు ఒక్కొక్కటే లేచిపోతుంటే, అమ్మ పిల్లలందరినీ మంచం కిందికి తోసి, తడిసిన దుప్పటి కప్పి ప్రార్థన మొదలుపెట్టింది. ఆమె అడిగినదంతా రోజూ రాత్రి అడిగేదే. పిల్లలను కాయుమని, ఇరుగుపొరుగును కాయుమని, దూరాన ఉన్నవారిని కాయుమని, తెల్లవారి లేపుమని. ఒక్క మాట కొత్తది లేదు. మిగిలిన పిల్లలం కూడా ఆమెతో పాటు అవే మాటలు పలికాం. ఎందుకంటే అవి మాకు కంఠతా వచ్చు. అంత గాలిలో కొత్త మాటలు వెతుక్కునే ఓపిక ఎవరికుంటుంది?

తెల్లవారేసరికి చాలామంది ఇళ్లు పోయాయి, చాలా కుటుంబాల్లో మనుషులే పోయారు. ప్రార్థన చేశాం గనుక మేము బ్రతికాం అని చెప్పడం లేదు. ప్రార్థన చేసిన ఇళ్లలోనూ ఆ రాత్రి మరణం అడుగుపెట్టింది. చెప్పేది ఇంతవరకే. ఆ రాత్రికి కావలసిన ప్రార్థనను ఆ రాత్రి నేర్చుకోవడం కుదరదు. అంతకు ముందు వేల రాత్రులు, నిద్ర ముంచుకొస్తుండగా, సగం వింటూ సగం వినకుండా, చాప మీద అది మాలో దిగింది. పిల్లలకు మనం ఇప్పుడు నేర్పేది ఇప్పటికి మాత్రమే కాదు. వారికి మనం లేని రోజు ఒకటి వస్తుంది. ఆ రోజు నోటికి రావలసిన మాటలను ఇప్పుడే లోపల పెట్టాలి.

2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చినప్పుడు ఈ మాట మనందరికీ రుజువయింది. ఏప్రిల్ 5 మట్టల ఆదివారం నాడు మందిరాలు మూసి ఉన్నాయి. ఆ వారంలో మాకు వచ్చిన ఫోన్లు రెండు రకాలు. "ఇంట్లో ఆరాధన ఎలా మొదలుపెట్టాలండి, ముందు ఏం చేయాలండి" అని కొందరు అడిగారు. మరికొందరు "మా పిల్లలు కొబ్బరి మట్టలు కోసుకొచ్చి వాకిట్లో తిరిగి పాడారండి" అని చెప్పారు. ఈ రెండో రకం ఇళ్లు చదువుకున్నవారివో ఉన్నవారివో కావు. వాటిలో రెండు ఇళ్లు కొబ్బరి వలుపు కూలీలవి. రోజూ రాత్రి పది నిమిషాలు కూర్చునే అలవాటు వారికి ముందునుంచీ ఉంది. మందిరం తలుపు మూసినప్పుడు వారి ఇంటి తలుపు అప్పటికే తెరిచి ఉంది.

ఇప్పుడు మా సంఘంలోని ఒక ఇంటి సంగతి చెబుతాం. మన రాజోలు, మలికిపురం, మామిడికుదురు ప్రాంతాల్లో ఎంతమంది తల్లులు ఇంటిపని కోసం కువైటు, దుబాయి, మస్కటు వెళ్లారో మీకు తెలుసు. ఆ ఇంట్లో తల్లి కువైటులో ఉంది. తండ్రి రొయ్యల చెరువుల మీద కాపలా, రాత్రులు ఇంట్లో ఉండడు. ఇద్దరు పిల్లలను అమ్మమ్మ చూసుకుంటుంది. రోజూ మనకు రాత్రి ఎనిమిదిన్నర అయ్యేసరికి అక్కడ సాయంత్రం ఆరు. యజమానుల ఇంట్లో రాత్రి వంట మొదలయ్యే లోపు ఆ తల్లికి దొరికే పది నిమిషాలు అవే. అమ్మమ్మ ఫోనును బియ్యం డబ్బాకు ఆనించి నిలబెడుతుంది. తల్లి అక్కడ నుండి పాట ఎత్తుతుంది, పిల్లలు ఇక్కడ అందుకుంటారు. మాట ఆలస్యంగా చేరుతుంది గనుక పాట ఎప్పుడూ కలవదు. అయినా అలాగే పాడతారు.

2022 మే 24న అమలాపురంలో జిల్లా పేరు విషయమై గొడవలు జరిగి, ఇళ్లు తగలబడి, ఆ తరువాత కోనసీమలో మొబైల్ ఇంటర్నెట్ కొన్ని రోజులు ఆపేశారు. ఆ రోజుల్లో ఎవరి భయాలు వారికున్నాయి. ఈ ఇంట్లో పిల్లలకు అమ్మ ముఖం కనబడడం ఆగిపోయింది. మొదటి రాత్రి చిన్నది ఏడ్చి పడుకుంది. రెండో రాత్రి అమ్మమ్మ ఏమీ కనబడని ఫోనునే తీసి బియ్యం డబ్బాకు ఆనించి, చాప వేసింది. "నెట్ లేదు కదా అమ్మమ్మా, మన ప్రార్థన అమ్మకి వినబడదు" అన్నాడు పెద్దవాడు. అమ్మమ్మ అంది, "అమ్మకి వినబడదు నాన్నా. వినేవాడికి వినబడుతుంది. ఆయన అక్కడా ఉన్నాడు." ఆ అమ్మమ్మ ఏ బైబిలు పాఠశాలకూ వెళ్లలేదు. దేవుడు అంతటా ఉన్నాడనే సిద్ధాంతాన్ని మేము సెమినరీలో పేజీలకు పేజీలు రాసి పరీక్షలు ప్యాసయ్యాం. ఇంత పొట్టిగా చెప్పడం ఆమె దగ్గరే విన్నాం. నెట్ వచ్చాక తెలిసిన సంగతి ఏమిటంటే, అక్కడ ఆ తల్లి కూడా రోజూ ఆరింటికి వంటింటి మూల కూర్చుని అదే పాట పాడుకుందట.

సాక్ష్యం ఇక్కడితో ఆపితే వినడానికి బాగుంటుంది. కానీ ఆ పెద్దవాడు రెండేళ్లుగా ఒకటే అడుగుతున్నాడు, అమ్మను ఇంటికి పంపమని. అప్పు తీరలేదు, ఆమె రాలేదు. ఆ ఏడాది క్రిస్మస్‌కు వస్తుందనుకున్నారు, కుదరలేదు. దాంతో వాడు ప్రార్థన మానేశాడు. "అడిగినా ఇవ్వడు, నేను అడగను" అన్నాడు. అమ్మమ్మ భయపడి మా దగ్గరికి వచ్చింది. బలవంతం చేయవద్దని, చాప మీద వాడి చోటు మాత్రం ఖాళీగా ఉంచమని చెప్పాం. కీర్తనల గ్రంథంలో దేవునితో ఇలా కోపంగా మాట్లాడిన భక్తులున్నారు, దేవుడు వారిని గ్రంథంలోంచి తీసేయలేదు. అడిగితే వెంటనే ఇస్తాడని ఆ పిల్లవాడికి అబద్ధం చెప్పకండి, అమ్మ ఎందుకు రాలేకపోతోందో, అప్పు ఎంత ఉందో వాడికి అర్థమయ్యేలా చెప్పండి అన్నాం. ఇంచుమించు నెల రోజులు వాడు చాప అంచున, నోరు విప్పకుండా కూర్చున్నాడు. ఒక రాత్రి తల్లికి జ్వరమని తెలిసినప్పుడు వాడే మొదట కళ్లు మూసుకున్నాడు. "అమ్మకి జ్వరం తగ్గించు, ఆమేన్." అంతే అన్నాడు. ఆ తల్లి ఇంకా రాలేదు. ఆ ఇంట్లో ప్రార్థన ఇంకా జరుగుతోంది.

ప్రియులారా, ఇందులో మనం నేర్చుకోవలసింది ఇదేనని మా నమ్మకం. కుటుంబ ప్రార్థన అంటే మందిరంలోని ఆరాధనను చిన్నది చేసి ఇంట్లో పెట్టడం కాదు. ఆ రోజు ఆ ఇంట్లో నిజంగా జరిగినదాన్ని, అప్పును, జ్వరాన్ని, తగాదాను, సంతోషాన్ని, పిల్లలు చూస్తుండగా దేవుని ఎదుట పెట్టడం. మన దేవుడు నిజమైనవాడా కాడా అన్నది పిల్లవాడు మన బోధను బట్టి తేల్చుకోడు. ఇంట్లో కష్టం వచ్చిన రోజు నాన్న ఎవరితో మాట్లాడాడో చూసి తేల్చుకుంటాడు.

ఇక చేయవలసిన పద్ధతి. ఇది మా ఇంట్లోనూ సంఘంలోని ఇళ్లలోనూ నిలిచిన పద్ధతి. మీ ఇంటికి తగినట్టు మార్చుకోండి.

మొదటిది, పది నిమిషాలు మించనివ్వకండి. మూడేళ్ల బిడ్డకు పది నిమిషాలే ఎక్కువ. ఆదివారం గంటసేపు చేసి వారమంతా మానేయడం కంటే, రోజూ అయిదు నిమిషాలు మేలు. పిల్లలు నిద్రకు తూలకముందే, వీలైతే అన్నం తినగానే కూర్చోండి. టి.వి. ఆపండి, ఫోను అవతల పెట్టండి. కువైటు అమ్మ ఫోను తప్ప.

రెండవది, ఒక్క పాట, అదే పాట. నెలంతా ఒకే కీర్తన పాడితే చదువు రాని చిన్నవాడికి కూడా వచ్చేస్తుంది. మా మూడేళ్ల వాడు పల్లవి చివరి మాట మాత్రమే పాడతాడు, అదీ అందరికంటే గట్టిగా. ఆ ఒక్క మాట కోసం వాడు పాటంతా కాచుకుని ఉంటాడు. వాడు ఆరాధించడం లేదని ఎవరంటారు?

మూడవది, వాక్యాన్ని కథగా చెప్పండి, ఒక్క ప్రశ్న అడగండి. అయిదు రొట్టెలు, రెండు చేపలు తెచ్చిన కుర్రవాడి సంగతి చెప్పాక మా పాప అడిగింది, "వాళ్లమ్మ ఏమీ అనలేదా?" ఆ రాత్రి మా వాక్య ధ్యానమంతా ఆ మాట మీదే నడిచింది. సమూయేలు చిన్నవాడిగా ఉన్నప్పుడు దేవుడు పిలిచింది రాత్రి పడక మీదనే. పెద్దవాడైన ఏలీ చేసిన మేలు, ఎలా జవాబివ్వాలో ఆ పిల్లవాడికి చెప్పడం. మన పని కూడా అంతవరకే.

నాలుగవది, పిల్లలను వారి మాటల్లో ప్రార్థించనివ్వండి. కోడిపిల్ల కోసం, పోయిన పెన్సిలు కోసం చేస్తే నవ్వకండి. మన పెద్ద పెద్ద మాటలు వారి నోట పెట్టకండి. పిల్లలు కొట్టుకుంటే ప్రార్థనను శిక్షగా వాడకండి. "రా, మోకరించు, దేవునికి క్షమాపణ చెప్పు" అని కోపంగా లాక్కొచ్చిన పిల్లవాడికి మోకరించడమంటేనే భయం పట్టుకుంటుంది.

అయిదవది, తండ్రులకు. ఇది ఆడవాళ్ల పని అనుకోకండి. పాట రాకపోతే వినండి, చదవడం రాకపోతే పిల్లల చేత చదివించుకోండి. పనిమీద దూరంగా ఉంటే ఫోనులో ఒక్క మాట ప్రార్థించండి. సాయంత్రం తాగి వచ్చి ప్రార్థనలో కూర్చున్న తండ్రిని పిల్లలు చూస్తారు, మానేసి కూర్చున్న తండ్రినీ చూస్తారు. రెండూ వారికి గుర్తుంటాయి.

ఆరవది, ఇంట్లో అందరూ విశ్వాసులు కాని కుటుంబాలకు. మన ప్రాంతంలో ఇటువంటి ఇళ్లు చాలా ఉన్నాయి. తిమోతి ఇల్లు జ్ఞాపకం చేసుకోండి. అతని తల్లి యునీకే విశ్వసించిన యూదురాలు, తండ్రి గ్రీసు దేశస్థుడు అని అపొస్తలుల కార్యములు పదహారవ అధ్యాయంలో ఉంది. ఆ ఇంట్లో అమ్మమ్మ లోయి, తల్లి యునీకే ఆ బిడ్డకు విశ్వాసాన్ని అందించారు. భర్తతో పోట్లాడి ప్రార్థన పెట్టకండి. బిడ్డను పడుకోబెట్టేటప్పుడు చెవిలో చెప్పే మాట చాలు, తల మీద చెయ్యి చాలు. పొరుగువారి పూజను హేళన చేయడం పిల్లలకు నేర్పకండి. 2022లో ఆ గొడవల రోజుల్లో మా ఇంటి ప్రార్థనలో పిల్లలు కుడివైపు ఇంటివారి పేర్లు, ఎడమవైపు ఇంటివారి పేర్లు చెప్పి అందరినీ కాయమని అడిగారు. వారిలో మన సంఘస్థులు ఒక్కరూ లేరు. మరుసటి నెల తరువాత, జూలైలో గోదావరికి వరద వచ్చినప్పుడు లంకల నుండి వచ్చినవారికి అన్నం వండినది ఈ ఇళ్లన్నీ కలిసే.

ఒక రోజు తప్పిపోతే బాధపడి మానేయకండి, మరుసటి రోజు చాప వేయండి. పిల్లలు కదులుతారు, నవ్వుతారు, నిద్రపోతారు. పిల్లలను తన దగ్గరకు తెచ్చినవారిని శిష్యులు గద్దించినప్పుడు ప్రభువు కోపపడింది పిల్లల మీద కాదు, శిష్యుల మీద. అల్లరిగా ఉన్నా సరే, ఆయన వారిని ఎత్తుకున్నాడు.

ప్రార్థన చేద్దాం. పరలోకపు తండ్రీ, ఈ రాత్రి కోనసీమలో చాప వేసుకుంటున్న ప్రతి ఇంటినీ జ్ఞాపకం చేసుకో. దూరదేశాల్లో వంటిళ్లలో ఉన్న తల్లులను, చెరువుల మీద మెలకువగా ఉన్న తండ్రులను, మనవలను పెంచుతున్న అమ్మమ్మలను, మామ్మలను బలపరచు. అడిగి అడిగి అలిసిపోయిన పిల్లల చోటును నీ ఎదుట ఖాళీగా ఉంచు, వారు తిరిగి వచ్చి కూర్చునేవరకు. మేము నేర్పే ఈ కొద్ది మాటలు, మేము లేని రోజున వారికి తోడుండునట్లు దీవించు. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.